జీతంలో పైసల లెక్క: టీడీఎస్, పీఎఫ్, ఈఎస్ఐ కోతల్లో రౌండింగ్ తేడాలు ఎందుకు వస్తాయి?

మార్చి నెల పేస్లిప్ చేతికి రాగానే ఆఫీసుల్లో, షాపుల్లో ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది. "పదకొండు నెలలు 7,556 రూపాయలు కట్ చేశారు, ఈ నెల 7,551 ఎందుకైంది భాయ్? ఆ ఐదు రూపాయలు ఎటు పోయాయి?" ఇంకో చోట ప్రశ్న తిరగబడుతుంది. ఈఎస్ఐ కింద 135 రూపాయల 8 పైసలు రావాల్సిన చోట 136 కట్ చేశారు, రూపాయి ఎక్కువ తీసుకున్నారని గొడవ. చాలాసార్లు రెండు చోట్లా లెక్క కరెక్టే ఉంటుంది. కానీ అకౌంటెంట్ విడమరచి చెప్పడు, ఉద్యోగికి అనుమానం పోదు.

జీతం మీద పడే ప్రతి కోతకూ దాని సొంత చట్టం ఉంది. పైసలను ఏం చేయాలో ప్రతి చట్టం తన పద్ధతిలో చెబుతుంది. పీఎఫ్ దగ్గరి రూపాయికి సరిచేస్తుంది. ఈఎస్ఐ ఎప్పుడూ పై రూపాయికే పోతుంది. ఆదాయపు పన్ను పైసలను వదిలేసి పది రూపాయల దగ్గర ఆగుతుంది. వృత్తి పన్నులో పైసల గొడవే లేదు, శ్లాబు ఏదైతే అంతే. ఈ నాలుగింటినీ ఒకే ఫార్ములాతో చేయబోయిన చోటే తేడాలు పుడతాయి.

ఇక్కడ ఇచ్చిన లెక్కలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో కొత్తగా చేసిన 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వస్తుంది కాబట్టి, కింద చెప్పిన సెక్షన్ల నంబర్లు పాత చట్టానివని గమనించాలి.

పైసలు లేని కాలంలో పైసల లెక్క

మన దేశంలో రూపాయికి వంద పైసల లెక్క 1957 ఏప్రిల్ 1న మొదలైంది. అంతకు ముందు రూపాయికి పదహారు అణాలు. 25 పైసలు, అంతకన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లడం మానేశాయి. ఇప్పుడు చట్టం ప్రకారం చెల్లే అతి చిన్న నాణెం యాభై పైసలు. అది కూడా కిరాణా కొట్లో ఇస్తే తీసుకునేవాళ్లు తక్కువే. అయినా శాతాల లెక్కలో పైసలు రాక మానవు. 18,010 రూపాయల్లో 0.75 శాతం ఎంత అంటే 135.075 రూపాయలు. ఆ ఏడున్నర పైసలను ఎవరి చేతిలో పెడతారు? పైకో కిందికో తోయాల్సిందే. ఎటు తోయాలన్నదే రౌండింగ్.

నెల నెలా టీడీఎస్, ఏడాది చివర లెక్క

జీతం మీద ఆదాయపు పన్ను కోయడం సెక్షన్ 192 కింద జరుగుతుంది. యజమాని ఏడాది మొత్తం జీతాన్ని అంచనా వేసి, దాని మీద పన్ను కట్టి, సగటున నెలకెంత పడుతుందో అంత కట్ చేస్తాడు. అంటే నెల కోత అనేది ఏడాది పన్నులో ఒక ముక్క మాత్రమే. విడిగా దానికో లెక్క లేదు.

నెలకు 1,21,350 రూపాయల జీతం, కొత్త పన్ను విధానంలో ఉన్న ఒక ఉద్యోగిని తీసుకుందాం. ఏడాదికి 14,56,200. అందులో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 13,81,200. మొదటి నాలుగు లక్షలకు పన్ను లేదు. తర్వాతి నాలుగు లక్షలకు 5 శాతం చొప్పున 20,000. ఎనిమిది నుంచి పన్నెండు లక్షల దాకా 10 శాతం, 40,000. మిగిలిన 1,81,200 మీద 15 శాతం, అంటే 27,180. మొత్తం 87,180. దీని మీద 4 శాతం సెస్ 3,487 రూపాయల 20 పైసలు. కలిపితే 90,667 రూపాయల 20 పైసలు.

దీన్ని పన్నెండుతో భాగిస్తే నెలకు 7,555 రూపాయల 60 పైసలు. రూపాయికి సరిచేస్తే 7,556. పన్నెండు నెలలూ ఇదే కట్ చేస్తే మొత్తం 90,672. కట్టాల్సినది 90,667. దాదాపు ఐదు రూపాయలు ఎక్కువ. నెలకు నలభై పైసల చొప్పున పోగైన తేడా అది.

అందుకే లెక్క తెలిసిన అకౌంటెంట్ పదకొండు నెలలు 7,556 చొప్పున 83,116 కట్ చేసి, మార్చిలో మిగిలినది మాత్రమే, అంటే 7,551 తీసుకుంటాడు. ఇదేదో అకౌంటెంట్ చేసే మేలు కాదు. ముందు నెలల్లో ఎక్కువో తక్కువో కట్ అయితే ఆ ఆర్థిక సంవత్సరంలోనే సరిచేసుకోవచ్చని సెక్షన్ 192లోని మూడో ఉపవిభాగమే చెబుతుంది. కాబట్టి మొదట్లో చెప్పిన మార్చి పేస్లిప్‌లో ఐదు రూపాయలు ఎక్కడికీ పోలేదు. నిజానికి ఐదు రూపాయలు తగ్గించారు.

రౌండింగ్ తేడాకు ఒక హద్దు ఉంటుంది. దగ్గరి రూపాయికి సరిచేసేటప్పుడు నెలకు ఎక్కువలో ఎక్కువ యాభై పైసలు అటూ ఇటూ అవుతుంది. పన్నెండు నెలలకు ఆరు రూపాయలు. ఏడాది టీడీఎస్‌లో ఆరు రూపాయలకు మించి తేడా కనిపిస్తే దానికి కారణం రౌండింగ్ కాదు. బోనస్ కలిపి ఉంటారు, పాత కంపెనీ జీతం చూపించి ఉండరు, పెట్టుబడి కాగితాలు ఇవ్వలేదని మినహాయింపు తీసేసి ఉంటారు, లేదా నిజంగానే పొరపాటు జరిగి ఉంటుంది. "రౌండింగ్ వల్ల వచ్చింది సార్" అని రెండు వందల రూపాయల తేడాకు జవాబిస్తే ఒప్పుకోనక్కర్లేదు.

షీటులో కనిపించేది ఒకటి, లోపల ఉండేది ఇంకొకటి

చిన్న షాపులు, స్కూళ్లు, క్లినిక్కులు జీతాల లెక్క ఎక్కువగా ఎక్సెల్ షీటులోనే నడుపుతాయి. అక్కడొక చిక్కు ఉంది. సెల్‌లో దశాంశాలు దాచేసి 7,556 అని కనిపించేలా పెడితే, కంప్యూటర్ లోపల మాత్రం 7,555.60 అలాగే ఉంటుంది. పన్నెండు సెల్స్ కూడితే కింద 90,667 అని వస్తుంది. పైన కనిపించే అంకెలను కాగితం మీద కూడితే 90,672. ఆడిటర్ పట్టుకునేది సరిగ్గా ఇక్కడే. చూపించే అంకెను మార్చడం వేరు, అసలు విలువను రౌండ్ చేయడం వేరు. రౌండ్ ఫార్ములా పెట్టకుండా డెసిమల్ బటన్ నొక్కి ఊరుకున్న షీటు బ్యాంకులో పడిన డబ్బుతో ఎప్పటికీ కలవదు.

టాలీలో అయితే ప్రతి పే హెడ్‌కూ రౌండింగ్ పద్ధతి విడిగా పెట్టే వీలుంది: మామూలు, పైకి, కిందికి. పీఎఫ్ హెడ్‌కు మామూలు, ఈఎస్ఐ హెడ్‌కు పైకి అని ఒకసారి సరిగ్గా పెడితే చాలు. అన్నిటికీ ఒకటే పెట్టి వదిలేసిన కంపెనీలే ప్రతి నెలా చలానా ముందు కూర్చుని రూపాయి రూపాయి వెతుక్కుంటాయి.

పది రూపాయల దగ్గర పదమూడు వేల తేడా

ఇంతవరకు చెప్పినవి రూపాయి, రెండు రూపాయల సంగతులు. ఇప్పుడు చెప్పబోయేది అలాంటిది కాదు.

మొత్తం ఆదాయాన్ని ఎలా రౌండ్ చేయాలో సెక్షన్ 288ఏ చెబుతుంది. ముందు పైసలన్నీ వదిలేయాలి. ఎన్ని పైసలున్నా సరే, 99 ఉన్నా వదిలేయాలి. ఆ తర్వాత చివరి అంకె ఐదు, అంతకన్నా ఎక్కువైతే పై పదికి, నాలుగు లేదా అంతకన్నా తక్కువైతే కింది పదికి సరిచేయాలి. అలా వచ్చిన అంకెనే చట్టం దృష్టిలో మీ మొత్తం ఆదాయం. ఈ చివరి మాట మామూలుగా కనిపిస్తుంది కానీ, రిబేటు వస్తుందా రాదా అన్నది కూడా ఆ రౌండ్ చేసిన అంకె మీదే తేలుతుంది.

పాత పన్ను విధానంలో మొత్తం ఆదాయం 5 లక్షలు దాటకపోతే సెక్షన్ 87ఏ కింద 12,500 రూపాయల దాకా రిబేటు. అంటే పన్ను సున్నా. దాటితే రిబేటు మొత్తం పోతుంది. కొంచెం దాటితే కొంచెమే పన్ను అనే సర్దుబాటు పాత విధానంలో ఈ రిబేటుకు లేదు.

ఇంటి అద్దె మినహాయింపు, 80సీ, అన్నీ తీసేశాక ఒకరి ఆదాయం 5,00,004 రూపాయల 80 పైసలు తేలిందనుకోండి. చట్టం ప్రకారం ముందు పైసలు వదిలేస్తే 5,00,004. చివరి అంకె నాలుగు కాబట్టి 5,00,000. రిబేటు వచ్చింది, పన్ను సున్నా.

ఇదే లెక్కను అలవాటు కొద్దీ ముందు దగ్గరి రూపాయికి సరిచేశారనుకోండి. 80 పైసలు కాబట్టి 5,00,005. ఇప్పుడు చివరి అంకె ఐదు, పై పదికి పోతే 5,00,010. ఐదు లక్షలు దాటిపోయింది. మొదటి ఐదు లక్షలకు 12,500, పై పది రూపాయలకు 20 శాతం చొప్పున రెండు రూపాయలు, మొత్తం 12,502. సెస్ 500 రూపాయల 8 పైసలు. కలిపితే 13,002 రూపాయల 8 పైసలు, పదికి సరిచేస్తే 13,000.

రెండుసార్లు రౌండ్ చేసినందుకు పదమూడు వేలు! చిన్న ఉద్యోగి ఇంట్లో అది పిల్లల స్కూలు ఫీజులో ఒక టర్మ్. అందుకే రౌండింగ్ ఒక్కసారే, అదీ చట్టం చెప్పిన మెట్టు మీదే చేయాలి. మధ్యలో ప్రతి మెట్టు దగ్గరా సరిచేసుకుంటూ పోకూడదు.

రిటర్న్ ఫారంలో పైసలు రాసే చోటు ఉండదు, ప్రతి పద్దునూ రూపాయల్లోనే నింపాలి. బ్యాంకు వడ్డీ, ఎఫ్‌డీ వడ్డీ లాంటివి పైసలతోనే వస్తాయి. అంచు మీద ఉన్నవాళ్లు ఆ పద్దులు నింపేటప్పుడు ఒకటికి రెండుసార్లు చూసుకోవడం మంచిది. అన్నిటికన్నా తేలికైన దారి ఇంకొకటి ఉంది. 80సీ కింద 1,50,000 రూపాయల హద్దులో ఇంకా చోటుంటే, మార్చి 31 లోపు వంద, రెండు వందలు అదనంగా పెట్టుబడి పెట్టినా అంచు నుంచి ఇవతలికి వచ్చేస్తారు. ఏప్రిల్ 1 తర్వాత ఎంత పెట్టినా ఆ ఏడాదికి పనికిరాదు.

కొత్త విధానంలో ఈ భయం లేదు. 2025-26కి 12 లక్షల దాకా ఆదాయానికి 60,000 రూపాయల రిబేటు ఉంది, జీతగాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుంటే 12,75,000. దాటినా మార్జినల్ రిలీఫ్ ఉంటుంది. అంటే 12 లక్షల పైన ఎంత దాటిందో, సెస్ కాకుండా పన్ను అంతకు మించదు. ఆదాయం 12,00,010 అయితే శ్లాబుల ప్రకారం పన్ను 60,001 రూపాయల 50 పైసలు కావాలి, రిలీఫ్ తర్వాత అది పది రూపాయలే. ఆదాయం 12,00,004 అయితే 288ఏ ప్రకారం అది 12,00,000 కాబట్టి అసలు పన్నే లేదు.

రిటర్న్ చివర కట్టాల్సిన సొమ్ముకూ, వెనక్కి రావాల్సిన రీఫండ్‌కూ ఇదే పది రూపాయల సూత్రం సెక్షన్ 288బీ కింద వర్తిస్తుంది. మూడు రూపాయలు ఎక్కువ కట్ అయి ఉంటే రీఫండ్ సున్నా. ఏడు రూపాయలైతే పది. రీఫండ్లు ఎప్పుడూ సున్నాతో ముగిసే అంకెల్లో వచ్చేది ఇందుకే.

పీఎఫ్: 1,250 అధిక 550

ప్రావిడెంట్ ఫండ్‌లో సూత్రం అందరికీ తెలిసిందే. యాభై పైసలు, ఆ పైన ఉంటే పై రూపాయి. అంతకన్నా తక్కువైతే వదిలేయడం. 12,345 రూపాయల వేతనం మీద 12 శాతం 1,481 రూపాయల 40 పైసలు, కట్ అయ్యేది 1,481.

చిక్కు ఉద్యోగి వాటాలో రాదు, యజమాని వాటాలో వస్తుంది. యజమాని ఇచ్చే 12 శాతంలో 8.33 శాతం పెన్షన్ పథకానికి, మిగిలినది పీఎఫ్ ఖాతాకు పోతుంది. ఆ మిగిలినదాన్ని అందరూ 3.67 శాతం అంటారు. మాట వరకు సరే. కానీ దాన్ని విడిగా శాతం కట్టి చూడండి. 15,000 మీద 8.33 శాతం 1,249 రూపాయల 50 పైసలు, రౌండ్ చేస్తే 1,250. అదే 15,000 మీద 3.67 శాతం 550 రూపాయల 50 పైసలు, రౌండ్ చేస్తే 551. రెండూ కలిపితే 1,801. కానీ 12 శాతం అంటే 1,800 కదా!

కాబట్టి పద్ధతి ఇది: ముందు 12 శాతం మొత్తం కట్టాలి, రౌండ్ చేయాలి. తర్వాత పెన్షన్ వాటా కట్టి రౌండ్ చేయాలి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేయగా మిగిలినదే పీఎఫ్ వాటా. 1,800 లోంచి 1,250 పోతే 550.

ఇక్కడొక వింత కూడా ఉంది. కొన్ని ప్రోగ్రామింగ్ భాషల్లో సరిగ్గా సగం వస్తే పైకి కాకుండా దగ్గరి సరి సంఖ్యకు రౌండ్ చేసే అలవాటు ఉంది. దాన్ని బ్యాంకర్స్ రౌండింగ్ అంటారు. అందులో 1,249.50 కాస్తా 1,250 అవుతుంది, 550.50 కాస్తా 550 అవుతుంది. మొత్తం 1,800, లెక్క కుదిరినట్టే కనిపిస్తుంది. పద్ధతి తప్పు, జవాబు రైటు. ఇంకో వేతనం మీద ఇదే సాఫ్ట్‌వేర్ దెబ్బ కొడుతుంది. పీఎఫ్ సూత్రంలో సగం వస్తే ఎప్పుడూ పైకే.

పాస్‌బుక్ చూసి కంగారు పడేవాళ్లు చాలా మంది. "నా జీతంలో 1,800 కట్ అయ్యాయి, కంపెనీ మాత్రం 550 ఒక్కటే వేసింది" అని. కంపెనీ కూడా 1,800 వేసింది. అందులో 1,250 పక్క కాలమ్‌లో పెన్షన్ కింద కనిపిస్తుంది. 2014 సెప్టెంబర్ 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరి, అప్పటికే వేతనం 15,000 దాటినవాళ్లకు మాత్రం పెన్షన్ వాటా ఉండదు, యజమాని వాటా మొత్తం పీఎఫ్‌కే పోతుంది.

ఈఎస్ఐ ఎప్పుడూ పైకే

మిగతా అన్నిటికన్నా ఎక్కువ అపార్థాలు వచ్చేది ఈఎస్ఐ దగ్గరే. 2019 జూలై 1 నుంచి ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. పైసలు ఏమాత్రం ఉన్నా పై రూపాయికి పోవాల్సిందే. ఒక్క పైసా ఉన్నా అంతే.

నలుగురు పనిచేసే ఒక షాపును ఊహించండి. వేతనాలు 18,010, 16,420, 14,300, 12,050. ఉద్యోగుల వాటా వరుసగా 135.075, 123.15, 107.25, 90.375. పైకి సరిచేస్తే 136, 124, 108, 91. మొత్తం 459. పీఎఫ్ అలవాటుతో దగ్గరి రూపాయికి చేసిన అకౌంటెంట్ 135, 123, 107, 90 కట్ చేసి 455 చేతిలో పెట్టుకుంటాడు. పోర్టల్ 459 అడుగుతుంది. నాలుగు రూపాయలు షాపు జేబులోంచి పోతాయి. నలుగురికే నాలుగైతే నాలుగు వందల మందికి ఎంతో లెక్క వేసుకోవచ్చు.

యజమాని వాటా సంగతి వేరు. దాన్ని మనిషి మనిషికీ కాకుండా మొత్తం వేతనాల మీద కడతారు. నలుగురి వేతనాలు కలిపితే 60,780, దాని మీద 3.25 శాతం 1,975 రూపాయల 35 పైసలు, అంటే 1,976. ఒక్కొక్కరికి విడిగా కట్టి పైకి సరిచేస్తూ పోతే 586, 534, 465, 392, మొత్తం 1,977 వచ్చేది. ఒకే చలానాలో రెండు రకాల లెక్క. కొత్తగా చేరిన అకౌంటెంట్లు తికమకపడేది ఇక్కడే, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

కట్ అయిన ఆ అదనపు పైసలు యజమాని దగ్గర ఉండిపోవు, ఉద్యోగి ఖాతా కిందే ఈఎస్ఐకి పోతాయి. నెలకు రూపాయికి లోపే తేడా. రూపాయి, ఆ పైన తేడా ఉంటే మాత్రం అడగాలి.

ఈఎస్ఐలో అసలు చూసుకోవాల్సింది 21,000 రూపాయల హద్దు. నెల వేతనం 21,000 దాకా ఉంటేనే ఈఎస్ఐ. వికలాంగులైన ఉద్యోగులకు 25,000. ఇంక్రిమెంట్ ఇస్తూ 21,000ను 21,050 చేస్తే యాభై రూపాయలు పెరిగాయని సంతోషించేలోపు అమ్మా నాన్న, భార్యాబిడ్డల వైద్యం ఖర్చు మొత్తం మీద పడుతుంది. అయితే మరుసటి రోజే కార్డు ఆగిపోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి అని రెండు చందా కాలాలున్నాయి. మధ్యలో హద్దు దాటినా ఆ కాలం ముగిసేదాకా చందా కట్ అవుతూనే ఉంటుంది, కట్ కావాలి కూడా. జీతం పెరిగిన నెల నుంచే ఈఎస్ఐ ఆపేసిన యజమాని పొరపాటు చేస్తున్నట్టే.

రౌండింగ్ కాని రౌండింగ్

సెలవు పెట్టిన నెలలో వచ్చే తేడాలను కూడా చాలా మంది రౌండింగ్ అనే అనుకుంటారు. 20,000 జీతం, 31 రోజుల నెల, రెండు రోజులు జీతం లేని సెలవు. రోజు జీతాన్ని 31తో భాగించి తీస్తే చేతికి 18,710 వస్తుంది. 30తో భాగిస్తే 18,667. పని దినాలు 26 అని భాగిస్తే 18,462. పై లెక్కకూ కింది లెక్కకూ 248 రూపాయల తేడా. ఇది కంపెనీ నియమం, పైసల సంగతి కాదు. ఏ అంకెతో భాగిస్తారో ఉద్యోగంలో చేరేటప్పుడే అడిగి తెలుసుకోవాలి. ఫిబ్రవరికి ఒకటి, మార్చికి ఒకటి వాడితే అది అన్యాయమే.

నిజమైన రౌండింగ్ పొరపాటు ఇందులోనే ఇంకో చోట దాగి ఉంటుంది. 20,000ను 26తో భాగిస్తే 769.23. దాన్ని ముందే 769 చేసుకుని 24 రోజులతో గుణిస్తే 18,456. సరైన జవాబు 18,462. రోజుకు 23 పైసలు మింగేస్తే నెలకు ఆరు రూపాయలైంది. దినసరి రేటును దశాంశాలతోనే ఉంచి, గుణించిన తర్వాత చివర్లో రౌండ్ చేస్తే ఈ తేడా రాదు.

వృత్తి పన్ను ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఒకటే. నెల జీతం 15,000 దాకా ఏమీ లేదు, 15,001 నుంచి 20,000 దాకా 150, ఆ పైన 200. ఏడాదికి 2,400 మించదు, రాజ్యాంగం 276వ అధికరణంలో పెట్టిన హద్దు 2,500. జీతం 20,000 రూపాయల 40 పైసలు తేలిన నెలలో సాఫ్ట్‌వేర్ దాన్ని 20,000 దాటిందని పట్టుకుంటే 150 బదులు 200 కట్ చేస్తుంది. గ్రాస్ జీతాన్ని ముందే రూపాయికి సరిచేసి తర్వాత శ్లాబు చూస్తే ఈ తంటా ఉండదు.

అమెరికాలో పనిచేసే మనవాళ్ల పేచెక్కుల్లోనూ ఇదే కథ, సెంట్లలో. సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కు 1.45 శాతం ప్రతి చెక్కులో కట్ చేస్తారు. రెండు వారాలకు 2,345 డాలర్ల 67 సెంట్లు వచ్చే మనిషికి 6.2 శాతం కింద 145 డాలర్ల 43 సెంట్లు పోతుంది. 26 చెక్కులకు 3,781 డాలర్ల 18 సెంట్లు. ఏడాది మొత్తం మీద ఒకేసారి కడితే 3,781 డాలర్ల 22 సెంట్లు. నాలుగు సెంట్ల తేడా. అక్కడి యజమానులు మూడు నెలలకోసారి ఇచ్చే ఫారం 941లో ఇలాంటి సెంట్ల ముక్కల కోసమే ఒక వరుస పెట్టారు. మన చలానాల్లో అలాంటి వరుస ఒకటి ఉంటే ఎన్ని ఫోన్ కాల్స్ తగ్గేవో!

ఇంట్లోనే సరిచూసుకోవాలంటే

పేస్లిప్‌లు పన్నెండూ దాచుకోవాలి. టీడీఎస్ అంకెలు కూడి, ఆదాయపు పన్ను పోర్టల్‌లో 26ఏఎస్‌లో కనిపించే మొత్తంతో పోల్చాలి. ఈ రెండింటి మధ్య రూపాయి తేడా కూడా ఉండకూడదు, ఎందుకంటే కట్ చేసిన ప్రతి రూపాయీ జమ కావాల్సిందే. ముందు చెప్పిన ఆరు రూపాయల హద్దు అసలు పన్నుకూ కట్ అయిన పన్నుకూ మధ్య తేడాకు మాత్రమే. ఫారం 16 జూన్ 15 లోపు ఇవ్వాలి, అందులోని అంకె కూడా దీనితో కలవాలి.

యజమాని టీడీఎస్‌ను మరుసటి నెల 7వ తేదీ లోపు కట్టాలి, మార్చి నెలది ఏప్రిల్ 30 లోపు. పీఎఫ్, ఈఎస్ఐ రెండింటికీ మరుసటి నెల 15 గడువు. ఆ తేదీలు దాటాక కూడా పాస్‌బుక్‌లో జమ కనిపించకపోతే ముందు ఆఫీసులో చలానా నంబర్ అడగాలి. జవాబు రాకపోతే పీఎఫ్ విషయంలో ఈపీఎఫ్ఐజీఎంఎస్ పోర్టల్‌లో యూఏఎన్ నంబర్‌తో ఫిర్యాదు పెట్టవచ్చు. దానికి పేస్లిప్ కాపీ జత చేస్తే పని తొందరగా కదులుతుంది.